పాపను అమెరికా ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాంకు పంపాలా? అక్కడ కులం సంగతి చెప్పనివ్వాలా?

కండక్టర్ నాన్న (ఖమ్మం):

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. మా పాప సాంఘిక సంక్షేమ గురుకులంలో ఇంటర్ ఫస్టియర్ చదువుతోంది, ఎంపీసీ. అమెరికా ప్రభుత్వం నడిపే కెన్నెడీ-లూగర్ 'యస్' ప్రోగ్రాం గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక విద్యా సంవత్సరం అక్కడి హైస్కూల్లో చదవాలి, అక్కడి కుటుంబంతోనే ఉండాలి. వాళ్ళ కాలేజీ మేడం అప్లై చేయించింది. పాప వ్యాసాలు, గ్రూప్ డిస్కషన్ అన్నీ దాటుకుని ఇంటర్వ్యూ కూడా అయిపోగొట్టింది. ఫైనల్ లిస్టు ఇంకా రాలేదు. మేడం మాత్రం "మీరు పాస్‌పోర్ట్ పని చూసుకోండి" అంటోంది.

డబ్బు గురించి బెంగ లేదు. విమానం టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు, నెలనెలా కొంత చేతి ఖర్చు అన్నీ వాళ్ళే పెట్టుకుంటారట. నా టెన్షన్ వేరే ఉంది.

ఒకటి, ఇంటర్ మధ్యలో ఏడాది పోతుంది. రెండు, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో పదహారేళ్ళ పిల్లను ఉంచాలి. మా ఇంటామె ఈ మాట ఎత్తితే చాలు, అన్నం ముందు నుంచి లేచిపోతోంది.

మూడోది నాకు నిద్ర పట్టనివ్వనిది. మేం మాదిగలం. పాప తన వ్యాసంలో ఆ సంగతి రాసింది. వాళ్ళ తాత చెప్పులు కుట్టేవాడని, ఊరి హోటల్లో ఆయనకు చూరులో పెట్టిన వేరే గ్లాసులో టీ పోసేవాళ్ళని, తాగినాక ఆ గ్లాసు ఆయనే కడిగి పెట్టేవాడని రాసింది. అది ఎప్పుడు విన్నదో, ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేనైతే చెప్పలేదు. అక్కడికి పోయినాక నవంబరులో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ అని జరుగుతుందట, ప్రతి విద్యార్థీ తన దేశం గురించి, తన సమాజం గురించి క్లాసుల్లో మాట్లాడాలట. అక్కడ కూడా ఇదే చెప్తానంటోంది.

మా బావమరిది బ్యాంకులో పని చేస్తాడు. "పోయేది కొత్త దేశం, అక్కడైనా ఈ ముద్ర లేకుండా బతకనీ, కొత్తగా మొదలుపెట్టుకోనీ" అంటాడు. ఆయన మాటా కొట్టేయలేను. ఇన్నేళ్ళ సర్వీసులో నా అంతట నేనుగా ఎవరికీ చెప్పుకున్నవాణ్ణి కాదు. డిపోలో అందరికీ తెలుసు, అది వేరే సంగతి.

వెళ్ళొచ్చిన వాళ్ళు గానీ, పిల్లలను పంపినవాళ్ళు గానీ ఉంటే కాస్త చెప్పండి.

---

లెక్చరర్, నల్గొండ:

సోదరా, చదువు వరకు నేను చెప్తాను, మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు.

పాప మార్చిలో ఫస్టియర్ పరీక్షలు రాసేసి, ఆగస్టు ప్రాంతంలో వెళ్ళి, మళ్ళీ జూన్‌కల్లా వచ్చేస్తుంది. వచ్చి సెకండియర్‌లో కూర్చుంటుంది. తోటి పిల్లలకంటే ఏడాది వెనక ఉంటుంది, అంతకు మించి నష్టం లేదు. అయితే తిరిగొచ్చాక అదే కాలేజీలో సెకండియర్‌కు చేర్చుకుంటామని ప్రిన్సిపాల్ దగ్గర కాగితం మీద తీసుకోండి. నోటి మాట మీద ఉండొద్దు. ప్రిన్సిపాళ్ళు బదిలీ అవుతారు, కాగితం బదిలీ కాదు.

జేఈఈ ఛాన్సులు పోతాయని ఎవరైనా భయపెడితే నమ్మకండి. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్ళలో రెండుసార్లు రాయొచ్చు. ఆ లెక్క పన్నెండో తరగతి పరీక్ష మొదటిసారి రాసిన ఏడాది నుంచి మొదలవుతుంది. మీ పాప ఆ పరీక్ష వచ్చాకే రాస్తుంది కదా. మెయిన్‌కు కూడా లెక్క అక్కడి నుంచే. అమెరికాలో వచ్చే మార్కులు ఇక్కడ ఇంటర్‌లో కలుస్తాయన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఇంకొకటి, ఫిజిక్స్, మ్యాథ్స్ టచ్ పోతుంది. ఫస్టియర్ పుస్తకాలు ఒక్కోటి సూట్‌కేసులో పడేయండి. చదవకపోయినా కంటికి కనిపిస్తుంటే మంచిది.

---

నిజం నిష్ఠూరం:

పిల్ల తెలివైంది, పంపండి, ఎవరూ వద్దనరు. కానీ ఇంటి గుట్టు పక్కింట్లో ఎందుకండీ? అమెరికావాళ్ళ డబ్బుతో వెళ్ళి అమెరికావాళ్ళ ముందు మన దేశం పరువు తీయడమా? బతుకమ్మ గురించి చెప్పుకోవచ్చు, రామప్ప గుడి గురించి చెప్పుకోవచ్చు, చంద్రయాన్ గురించి చెప్పుకోవచ్చు. వాళ్ళకు కావాల్సింది కూడా మన మురికే. అందుకే అలాంటి వ్యాసాలకు సెలక్షన్ ఇస్తారు. ఆలోచించండి.

---

మూసీ ఒడ్డు పిల్ల:

అన్నా, నేను ఇదే ప్రోగ్రాంలో వెళ్ళొచ్చాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె, గురుకులం చదువే. నన్ను ఆర్కన్సా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో వేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో లా చదువుతున్నా. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోవద్దు.

మీ బావమరిది గారు "అక్కడైనా ముద్ర లేకుండా" అన్నారు కదా, ముందు దానికి చెప్తాను. అమెరికాలో నన్ను కులం అడిగింది ఎవరో తెలుసా? తెలుగువాళ్ళే. మా ఊరికి గంటన్నర దూరంలో ఒక తెలుగు కుటుంబం ఉందని తెలిసి మా హోస్ట్ అమ్మ నాకంటే ఎక్కువ సంబరపడింది. సంక్రాంతికి కారులో తీసుకెళ్ళింది. పప్పుచారు, గోంగూర, బొబ్బట్లు, మర్యాదకు ఏం తక్కువ చేయలేదు. ఆంటీ వడ్డిస్తూ వడ్డిస్తూ ఇంటిపేరు అడిగింది. చెప్పాను. దాంతో తేలలేదు. "మీ ఇల్లు ఊళ్ళో రామాలయం వైపా?" అంది. "కాదాంటీ, చర్చి వైపు" అన్నాను. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. మళ్ళీ పిలవనూ లేదు. మా హోస్ట్ అమ్మ తిరుగు దారి పొడుగునా "ఎంత మంచివాళ్ళో" అంటూనే ఉంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కాబట్టి ముద్ర లేకుండా బతకడం అనేది ఊరు మారితే వచ్చేది కాదన్నా. నిజం నిష్ఠూరం గారూ, మీకూ ఇదే జవాబు. గుట్టు అనుకోవడానికి అక్కడ ఏం మిగిలిందని? 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభలో కూడా అలాంటి బిల్లు పాసైతే అక్టోబరులో గవర్నర్ వీటో చేశాడు. ఈ గొడవంతా పేపర్లలో వచ్చింది. కులాన్ని అక్కడికి మోసుకెళ్ళింది గురుకులం పిల్లలు కాదు, హెచ్-1బీల మీద వెళ్ళిన పెద్దవాళ్ళు.

ఇక క్లాసులో చెప్పడం సంగతి. నేనూ మొదట బతుకమ్మే చూపించాను. తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయి అక్కడ, కాగితం పూలతో పేర్చాను. అందరూ చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీసుకున్నారు, ఒక్క ప్రశ్న రాలేదు. తర్వాత అమెరికా చరిత్ర చెప్పే సార్ తన క్లాసులో మాట్లాడమన్నాడు. అప్పుడు రెండు గ్లాసుల సంగతి చెప్పాను. మీ పాప రాసిందే, మా తాతదీ అదే కథ. చివరి బెంచీలో ఒక అబ్బాయి చెయ్యెత్తి, "అంటే మా దగ్గర నల్లవాళ్ళకు, తెల్లవాళ్ళకు వేరే వేరే నీళ్ళ కుళాయిలు ఉండేవి, అట్లాంటిదా?" అన్నాడు. నేను పాఠం చెప్పనవసరం లేకుండా పోయింది. గంట కొట్టేదాకా వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. ఆ ఊరి స్విమ్మింగ్ పూల్ ఎప్పుడు అందరికీ తెరిచారు, ఎవరి తాత ఏమన్నాడు, అన్నీ బయటికొచ్చాయి.

అదే క్లాసులో నల్లజాతి అమ్మాయి ఒకామె ఉండేది. బయటికొచ్చాక నన్ను ఆపి అడిగింది. "హైవే మీద పెట్రోల్ బంకు కొట్టు మీ ఇండియా వాళ్ళదే కదా, నేను లోపలికి వెళ్తే నా వెనకే ఎందుకు తిరుగుతారు? తెల్ల పిల్లలు వస్తే తిరగరు కదా." ఏం చెప్పను? ఆ కొట్టాయన నాకు ఊరికే చాక్లెట్లు ఇచ్చేవాడు. అప్పటిదాకా దేశంలో కిందపడి ఉన్నది మేమేనని లెక్కలో ఉన్నాను. ఆ రోజు ఆ పిల్ల ముందు నేను బంకు ఆయన తరఫు మనిషినయ్యాను. ఆ అమ్మాయితోనే తర్వాత బాగా కలిసింది, ఇప్పటికీ మాట్లాడుకుంటాం. కానీ ఆ కలవడం చప్పట్లతో మొదలు కాలేదు.

ఒక స్కూల్ ట్రిప్ సంగతి కూడా చెప్పాలి. లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్‌కు తీసుకెళ్ళారు. 1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు మొదటిసారి ఆ తెల్లవాళ్ళ బడిలో చేరడానికి వెళ్ళారు. ముందు రోజు రాత్రి, అందరం ఒకచోట కలిసి వెళ్దామని ఇళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ అనే అమ్మాయి ఇంట్లో ఫోన్ లేదు. ఆమెకు కబురందలేదు. పొద్దున్నే తను కుట్టుకున్న కొత్త గౌను వేసుకుని, సిటీ బస్సు దిగి ఒక్కతే బడి వైపు నడిచింది. గవర్నర్ పెట్టిన నేషనల్ గార్డు సైనికులు లోపలికి పోనివ్వలేదు. వెనక నుంచి జనం తిడుతూ వస్తుంటే నడుచుకుంటూ పోయి బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుంది. చివరికి ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపితే గానీ ఆ పిల్లలు చదువుకోలేదు. మరుసటి ఏడాది గవర్నర్ ఏకంగా ఊళ్ళోని ప్రభుత్వ హైస్కూళ్ళన్నీ మూయించాడు. మాకు ఇదంతా చెప్తున్నప్పుడు ఆ బడి మామూలుగా నడుస్తోంది, పిల్లలు బ్యాగులు వేసుకుని మా ముందు నుంచే పోతున్నారు, ఎవరూ మా వైపు చూడలేదు కూడా.

ఇంట్లో ఫోన్ లేక కబురందకపోవడం ఎలా ఉంటుందో మా ట్రిప్ బస్సులో నాకొక్కదానికే బాగా తెలుసు అనిపించింది. గురుకులం ఎంట్రన్స్ రిజల్టు మా నాన్నకు కిరాణా కొట్టు ఫోన్ ద్వారా, అదీ ఆలస్యంగా తెలిసింది.

ఆ చరిత్ర సారే మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం ఒకటి చదవమని ఇచ్చాడు, 1965 జులై 4న అట్లాంటాలో తన చర్చిలో చేసింది. అందులో 1959 నాటి మన దేశ పర్యటన గురించి చెప్తాడు. కేరళలో దళిత పిల్లల బడికి వెళ్తే హెడ్మాస్టర్ ఆయన్ను పిల్లలకు పరిచయం చేస్తూ, అమెరికా నుంచి వచ్చిన మనలాంటి అంటరానివాడు అన్నాడట. కింగ్‌కు ముందు ఒళ్ళు మండిందట. కాసేపు ఆలోచించి, నిజమే, నేనూ అంటరానివాణ్ణే అనుకున్నాడట. గురుకులంలో అంబేడ్కర్ జయంతులు ఎన్నో చేశాం, ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంతవరకు విని, పాప అక్కడ రోజూ ఇదే చెప్పాలని నేను అంటున్నాననుకోకండి. ఇందులో ఒక చిక్కుంది. ఒకసారి చెప్తే మళ్ళీ మళ్ళీ చెప్పమంటారు. ఊళ్ళో క్లబ్బులు, చర్చి లంచ్‌లు, పక్క ఊరి స్కూలు. ఒకచోట నన్ను పరిచయం చేసినావిడ నా పేరు తప్పు పలికింది గానీ 'అంటరాని' అన్న మాట మాత్రం తప్పు లేకుండా చెప్పింది. అందరి కళ్ళల్లో నీళ్ళు. నేను కెమిస్ట్రీ క్లాసులో ఫస్టు అని ఎవరికీ అక్కర్లేదు. వసంతకాలం వచ్చేసరికి నాకు విసుగొచ్చేసింది. "ఈసారి కబడ్డీ గురించి చెప్తాను, ఇష్టమైతే పిలవండి" అన్నాను. పిలిచారు. కాబట్టి ఎక్కడ చెప్పాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి అన్నది పాప చేతుల్లో ఉండాలి. మీరూ, బావమరిదీ, మేడమూ, అక్కడి వాళ్ళూ, ఎవరూ దాన్ని రాసిపెట్టకూడదు. "చెప్పకు" అని ఒట్టు వేయించుకుని పంపడం అన్నిటికంటే దండగ. పరాయి ఇంట్లో, పరాయి భాషలో, ఏడాది పొడుగునా ఒక అబద్ధాన్ని కాపలా కాయాలంటే ఆ పిల్ల ఇంకేం చేయగలదు?

నిజం నిష్ఠూరం గారి రెండో మాట, అమెరికా డబ్బు గురించి. అందులో కొంత నిజముంది. ఈ ప్రోగ్రాం 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత పుట్టింది. సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్ ముందుండి పెట్టించారు. ముస్లిం జనాభా బాగా ఉన్న దేశాల పిల్లలకు అమెరికాను దగ్గర చేయడం దాని ఉద్దేశం. అంటే వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు, ధర్మసత్రం ఏం కాదు. అయితే వాళ్ళు అనుకోనివి కూడా అందులో జరుగుతాయి. ఓరియెంటేషన్‌లో నా పక్క మంచం పాకిస్తాన్ అమ్మాయిది, ముల్తాన్ దగ్గరి ఊరు. వాళ్ళ ఊళ్ళో పారిశుద్ధ్య పనికి క్రైస్తవులనే పెట్టుకుంటారని, వాళ్ళకు కప్పులు వేరే అని ఆ అమ్మాయే చెప్పింది. రెండు దేశాలు విడిపోయినా గ్లాసులు విడిపోలేదన్నమాట. ఇది అమెరికా ఏ సిలబస్‌లోనూ పెట్టలేదు.

ఇంటి పనుల గురించి ఒక ముక్క. హోస్ట్ ఇంట్లో శనివారం శనివారం వంతులు ఉంటాయి. బాత్రూం కడగడం, గిన్నెలు, చెత్త. నాకు గురుకులంలో అలవాటే. మా బ్యాచ్‌లో ఢిల్లీ నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు, "నాతో టాయిలెట్ కడిగిస్తున్నారు, నేను పనిమనిషినా" అని గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాడు. వాళ్ళ హోస్ట్ నాన్న లాయర్, ఆయన వంతు వచ్చే వారం. ఆ మెసేజ్‌కు నేను జవాబు పెట్టలేదు గానీ లోపల చాలా నవ్వుకున్నా.

అమ్మ భయం గురించి ఒక మాట. నాకు మొదటి ఇంట్లో కుదరలేదు. చెడ్డవాళ్ళేం కాదు, భార్యాభర్తలిద్దరికీ కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు, ఇంట్లో మాట్లాడే మనిషి ఉండేది కాదు. కోఆర్డినేటర్‌కు చెప్తే ఇల్లు మార్చారు. మార్చమని అడగడం తప్పు కాదని పాపకు ఇప్పుడే చెప్పి పంపండి. మన పిల్లలు సర్దుకుపోవడం బాగా నేర్చుకుంటారు, అడగడం నేర్చుకోరు.

---

ఒహాయో బాబాయి:

నేను ఇక్కడ ఎక్స్‌ఛేంజ్ పిల్లలకు లోకల్ కోఆర్డినేటర్‌గా వాలంటీరు పని చేస్తుంటాను. చెల్లెమ్మ చెప్పిన సంక్రాంతి భోజనం చదివి సిగ్గేసింది. అలాంటి ఇళ్ళు నాకూ తెలుసు.

అన్నగారూ, ఇంటామెకు ఇవి చదివి వినిపించండి. హోస్ట్ ఫ్యామిలీకి జీతం ఉండదు, వాళ్ళు ఇష్టపడి పెట్టుకుంటారు. ఇంట్లో 18 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరి మీదా నేర చరిత్ర తనిఖీ చేయాలి. ఇంటికి వెళ్ళి చూసి పడకగది, వంటగది, బాత్రూం ఫోటోలు ఫైల్లో పెట్టాలి. పాపకు సొంత మంచం ఉండాలి. గది పంచుకోవాల్సి వస్తే ఒక్క ఆడపిల్లతోనే. కోఆర్డినేటర్ 120 మైళ్ళ లోపు ఉండాలి, నెలకోసారి పాపతోనూ, కుటుంబంతోనూ విడివిడిగా మాట్లాడాలి. మొదటి రెండు నెలల్లో వేరే మనిషి ఎవరైనా వచ్చి ఇల్లు మళ్ళీ చూడాలి. ఇవి దయాదాక్షిణ్యాల మీద నడిచేవి కావు, అమెరికా విదేశాంగ శాఖ రూల్స్. ఆ శాఖ హెల్ప్‌లైన్ నంబరు ఉన్న కార్డు కూడా పాపకిస్తారు. పాస్‌పోర్ట్ పాప దగ్గరే ఉండాలి, ఎవరు దాచిపెడతామన్నా ఇవ్వొద్దు.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఇది జే-1 వీసా, అంటే ఎక్స్‌ఛేంజ్ మీద వచ్చేవాళ్ళకిచ్చేది, పైగా అమెరికా ప్రభుత్వ డబ్బు. కాబట్టి తిరిగొచ్చాక రెండేళ్ళు స్వదేశంలో ఉంటే గానీ హెచ్-1బీకో, గ్రీన్ కార్డుకో వెళ్ళలేరు. ఎఫ్-1 మీద చదువుకోవడానికి అడ్డం లేదు. మీ పాప వచ్చి ఇంటర్ రెండో ఏడు, ఆపైన డిగ్రీ ఇండియాలోనే చదివితే ఆ రెండేళ్ళు వాటంతట అవే గడిచిపోతాయి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలకు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు ముందే అది చూసుకోండి.

---

కండక్టర్ నాన్న:

అందరికీ పేరుపేరునా దండాలు. మూసీ ఒడ్డు చెల్లీ, ఒహాయో బాబాయి గారూ, మీరు రాసినవి మా ఇంటామెకు చదివి వినిపించాను. 120 మైళ్ళంటే ఎంత అని అడిగింది. దాదాపు ఖమ్మం నుంచి హైదరాబాద్ అంత అన్నాను. "అంత దూరమా" అంది గానీ అన్నం ముందు నుంచి లేవలేదు.

ఒట్టు వేయించుకోవాలనే అనుకున్న మాట నిజమే. వేయించుకోను. కానీ ఒక్క అనుమానం. మాట్లాడమని నిలబెట్టినప్పుడు పిల్ల భయపడి బిక్కచచ్చిపోతే? ఏం చెప్పాలో మేం కొంచెం రాసిస్తే మంచిది కదా?

---

కండక్టర్ నాన్న:

నమస్తే. ఇది నాన్న ఫోన్, రాస్తున్నది నేను, వాళ్ళమ్మాయిని. సెలవులకు ఇంటికొచ్చాను. ఇంతమంది నేనేం మాట్లాడాలో చర్చిస్తున్నారు, నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

తాత గ్లాసు సంగతి నాకు చెప్పింది నానమ్మ. అది వ్యాసంలో రాశాను. ఇంటర్వ్యూలో మాత్రం దాని గురించి మాట్లాడలేదు. మీ సమాజంలో ఈ మధ్య మారింది ఒకటి చెప్పమన్నారు. నేను నాన్న బస్సు గురించి చెప్పాను. 2023 డిసెంబరు 9 నుంచి మా దగ్గర పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. కండక్టర్ ఆధార్ చూసి జీరో టికెట్ కొడతాడు. నాన్న బస్సులో మిర్చి ఏరడానికి పోయే కూలీలు, కాలేజీ పిల్లలు, ఆస్పత్రికి పోయే ముసలమ్మలు ఎక్కుతారు. మగవాళ్ళు కొందరు సీట్లు లేవని నాన్నను తిడతారు. నాన్న రోజూ ఆ తిట్లు తింటాడు, ఇంటికొచ్చి చెప్పడు, నేను ఒకసారి బస్సులో ఉండి విన్నాను. సీటు ఎవరిది అనే గొడవ మీ దేశంలో కూడా బస్సులోనే మొదలైంది కదా అన్నాను. బస్సులో తెల్లాయనకు సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్ పాఠం మా ఇంగ్లిష్ మేడం చెప్పింది. 1955లో మాంట్‌గొమరీలో. తర్వాత 381 రోజులు అక్కడి నల్లవాళ్ళు బస్సులు ఎక్కలేదు. మేము ఎక్కుతున్నాము అన్నాను. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు చాలాసేపు బస్సు గురించే అడిగారు.

నవంబరులో కూడా ఇదే చెప్తాను. గ్లాసు సంగతి అడిగితే చెప్తాను, లేకపోతే లేదు. నాన్నా, నువ్వు రాసివ్వనక్కర్లేదు.

మూసీ ఒడ్డు అక్కా, నాకొక డౌట్. క్లాసులో చూపించడానికి ఏమైనా వస్తువు తీసుకెళ్తే మంచిదా, లేక ఫోన్లో ఫోటోలు చాలా?

---

మూసీ ఒడ్డు పిల్ల:

వస్తువే తీసుకెళ్ళు చెల్లీ. ఫోటోలు తెర మీద చూసి మర్చిపోతారు, వస్తువైతే చేతులు మారుతుంది. జీరో టికెట్లు ఓ పాతిక పోగుచెయ్. అమ్మవి, పక్కింటి వాళ్ళవి, నీవి. క్లాసులో ఒక్కొక్కరి చేతికి ఒకటి ఇవ్వు, వెనక్కి అడగకు. ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఆ మెషిన్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకు వెలిసిపోతాయి, నవంబరు దాకా ఆగవు. వెళ్ళేముందు వారంలో తీసినవే పెట్టుకో, ఎందుకైనా మంచిది ఒక జెరాక్స్ కూడా తీయించు. చలికోటు ఇక్కడ కొనకు, బరువు దండగ. అక్కడ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి.